పశువ్యాధుల పరిశోధకుడి పేపర్లు, సైటేషన్లు: లెక్క తేల్చే పద్ధతి

ప్రమోషన్ దరఖాస్తు అయినా, అవార్డు నామినేషన్ అయినా, ప్రాజెక్టు ప్రపోజల్ అయినా ఒక గడి తప్పదు: మొత్తం ప్రచురణలు ఎన్ని, సైటేషన్లు (మీ పేపర్లను ఇతర పేపర్లు ఉదహరించిన సార్లు) ఎన్ని, ఆ రెండింటినీ కలిపి కొలిచే హెచ్-ఇండెక్స్ ఎంత? చాలామంది గూగుల్ స్కాలర్ తెరిచి, కుడిపక్క కనిపించే అంకెలు ఎక్కించేస్తారు. కమిటీలో ఎవరో స్కోపస్ అనే పరిశోధన పేపర్ల డేటాబేసు తెరిస్తే అవే అంకెలు తగ్గి కనిపిస్తాయి. అక్కడే అనుమానం మొదలవుతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, రెండు చోట్లా లెక్కించే పద్ధతి వేరు, అంతే. ఎక్కడ, ఏ తేదీన, ఏవి కలిపి, ఏవి వదిలి లెక్కించారో పక్కనే రాసి ఉంటే ఆ అనుమానానికి తావుండేది కాదు.

పనిలో ముప్పాతిక భాగం పేపర్ల జాబితా సరిచేయడంలోనే ఉంటుంది. జాబితా శుభ్రంగా ఉంటే సైటేషన్ల లెక్క ఒక పూట పని. జాబితా తప్పుల తడక అయితే ఎన్ని ఇండెక్సులు కట్టినా వృథా.

ముందు పేరు సంగతి

తెలుగువాళ్ల పేర్లు డేటాబేసులకు కొరుకుడు పడవు. ఇంటిపేరు ముందు రాసి దాన్ని ఒక్క అక్షరానికి కుదించడం మన అలవాటు. చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకోవడం డేటాబేసుల అలవాటు. గుడిపాటి వెంకట రమణారెడ్డి అని ఒక కల్పిత పేరు తీసుకుందాం. ఆయన పేపర్లు ‘రెడ్డి జి.వి.ఆర్.’ అని కొన్ని, ‘రమణారెడ్డి జి.వి.’ అని కొన్ని, ‘రమణ రెడ్డి’ అని మధ్యలో ఖాళీతో కొన్ని, విదేశీ సహరచయితలతో రాసినవి ‘గుడిపాటి వి.ఆర్.’ అని కొన్ని ఉంటాయి. స్కోపస్ వీటిని ముగ్గురు నలుగురు మనుషులుగా చూసి వేర్వేరు ఆథర్ ఐడీలు ఇచ్చేస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న మహిళా శాస్త్రవేత్తల పేపర్లు కూడా ఇలాగే రెండుగా చీలిపోతాయి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. రెడ్డి, రావు, కుమార్ అనే పేర్లున్న వేరే వేరే మనుషులు ఒకే ప్రొఫైల్‌లో కలిసిపోయి, గొర్రెల నీలి నాలుక పేపరు పక్కన వేరుశనగ వైరస్ పేపరు కూర్చుంటుంది.

సంస్థ పేరు మారినా ఇదే తంటా. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీనే చూడండి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉండేది. అదే విశ్వవిద్యాలయం 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరుకు మారింది. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక అందులోకి వెళ్లింది. 2014లో రాష్ట్రం విడిపోయాక పి.వి. నరసింహారావు పేరిట వచ్చిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలోకి చేరింది. గది మారకుండా, కుర్చీ మారకుండా పనిచేసిన మనిషి పేపర్ల మీద నాలుగు సంస్థల పేర్లు ఉంటాయి. కాబట్టి సంస్థ పేరుతో వడకట్టి వెతికితే పాత పేపర్లన్నీ జారిపోతాయి.

అందుకే వెతకడానికి కూర్చునే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: మీ పేరు ఇప్పటిదాకా అచ్చయిన రూపాలన్నీ, పనిచేసిన సంస్థల పాత కొత్త పేర్లు, తరచూ కలిసి రాసిన నలుగురైదుగురు సహరచయితల పేర్లు, పనిచేసిన వ్యాధుల పేర్లు. చివరిది చిన్న విషయం కాదు. వ్యాధుల పేర్లూ వైరస్‌ల పేర్లూ కాలంతో మారతాయి. గొర్రెలు, మేకల్లో వచ్చే పీపీఆర్‌ను పాత పేపర్లలో ‘పెస్ట్ డెస్ పెటిట్స్ రూమినెంట్స్’ అని మాత్రమే రాస్తే, వైరస్‌ల వర్గీకరణ సంఘం 2016లో పేరు మార్చాక కొన్ని పేపర్లు ‘స్మాల్ రూమినెంట్ మార్బిలీవైరస్’ అనే పేరుతో వస్తున్నాయి. కోళ్ల కొక్కెర తెగులు ఒకచోట రాణిఖేత్, ఒకచోట న్యూకాజిల్, ఇంకోచోట ఏవియన్ పారామిక్సోవైరస్-1. గొంతువాపు వ్యాధికి ఇంగ్లిష్ పేరు ‘హెమరేజిక్ సెప్టిసీమియా’ను బ్రిటిష్ స్పెల్లింగులో వెతికితే ఒక గుంపు, అమెరికన్ స్పెల్లింగులో వెతికితే ఇంకో గుంపు వస్తుంది. రెండూ ఇచ్చి వెతకాలి. పాశ్చురెల్లా మల్టోసిడా అని బ్యాక్టీరియా పేరుతో కూడా వెతకాలి.

మూల జాబితా

ఎక్సెల్ షీటు ఒకటి తెరిచి వరుసకు ఒక పేపరు చొప్పున ఎక్కించండి. గడులు ఇవి: రచయితల పేర్లు అచ్చయినట్టే, శీర్షిక, జర్నల్, సంవత్సరం, సంపుటి, పేజీలు, డీవోఐ (ప్రతి పేపరుకూ ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య), పబ్‌మెడ్ అనే వైద్య పేపర్ల డేటాబేసులో నంబరు, పేపరు రకం, రచయితల వరుసలో మీ స్థానం, కరెస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) అవునా కాదా, వ్యాధి, పశుజాతి. సైటేషన్లకు స్కోపస్, అలాంటిదే ఇంకో డేటాబేసు వెబ్ ఆఫ్ సైన్స్, స్కాలర్ మూడింటికీ విడివిడి గడులు పెట్టి, చూసిన తేదీకి ఇంకో గడి కలపండి. స్వీయ సైటేషన్లకు ఒకటి.

‘పేపరు రకం’ గడి నింపడానికి బద్ధకించవద్దు. పశువైద్యంలో కేసు రిపోర్టులు, షార్ట్ కమ్యూనికేషన్లు, సదస్సుల సారాంశాలు, రైతు పత్రికల్లో వ్యాసాలు ఎక్కువ. అన్నీ కలిపి ‘120 ప్రచురణలు’ అని రాస్తే, చదివేవాడు ముందుగా అడిగేది అందులో పూర్తి స్థాయి పరిశోధన పేపర్లు ఎన్ని అనే. ఆ జవాబు మీరే ముందుగా ఇవ్వడం మేలు.

ఒక్క డేటాబేసు చాలదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, పబ్‌మెడ్, గూగుల్ స్కాలర్ నాలుగూ చూసి, పశువైద్య సాహిత్యాన్ని విస్తృతంగా చేర్చే క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్ కూడా లైబ్రరీలో ఉంటే చూడండి. ఇండియన్ జర్నల్ ఆఫ్ యానిమల్ సైన్సెస్ లాంటి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) జర్నళ్లకు ఈ-పబ్స్ సైటు ఉంది. థీసిస్‌లు కృషికోశ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో దొరుకుతాయి, కానీ థీసిస్‌ను, దాని నుంచి వచ్చిన పేపరును రెండు ప్రచురణలుగా లెక్కించకండి. పాత భారతీయ జర్నళ్ల పేపర్లకు డీవోఐ ఉండదు. వాటికి మొదటి పేజీ స్కాన్ తీసి ఫైలుకు వరుస సంఖ్యే పేరుగా పెట్టుకుంటే, కమిటీ అడిగిన రోజు వెతుకులాట ఉండదు.

చివర్లో రెండు వడపోతలు చేయాలి. మొదటిది డూప్లికేట్లు: ప్రీప్రింటు (జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టిన ప్రతి), అచ్చయిన పేపరు, ఎరాటమ్ (తప్పుల సవరణ) మూడూ కలిపి ఒక్కటే పని. రెండోది రిట్రాక్షన్లు. మీరు ఎక్కడో అయిదో రచయితగా ఉన్న పేపరు ఉపసంహరణకు గురై ఉండొచ్చు, ఆ మెయిల్ కరెస్పాండింగ్ ఆథర్‌కు మాత్రమే వెళ్లి ఉండొచ్చు. ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేసు 2023 నుంచి, డీవోఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ చేతిలో ఉంది, ఉచితంగా చూడవచ్చు. డీవోఐలు ఒక్కొక్కటిగా పెట్టి చూసుకోండి.

ప్రొఫైళ్లు సరిచేయడం

మొదట ఓర్కిడ్. పరిశోధకులకు ఇచ్చే 16 అంకెల ఈ ఐడీ 2012 నుంచి ఉంది, ఉచితం. రిజిస్టర్ అయ్యాక ‘ఇతర పేర్లు’ అనే చోట పైన కాగితం మీద రాసుకున్న పేరు రూపాలన్నీ చేర్చండి. పేపర్లను చేత్తో టైపు చేయకుండా డీవోఐ ఇచ్చి గానీ, ‘సెర్చ్ అండ్ లింక్’ ద్వారా స్కోపస్, క్రాస్‌రెఫ్‌ల నుంచి గానీ లాక్కోండి. చేత్తో ఎక్కిస్తే ఒకే పేపరు రెండుసార్లు పడుతుంది. కొత్త పేపర్లు వాటంతటవే చేరాలంటే క్రాస్‌రెఫ్ పంపే అనుమతి అభ్యర్థనను ఓర్కిడ్ ఇన్‌బాక్సులో అంగీకరించాలి. అది మెయిల్‌లో కాకుండా ఓర్కిడ్ లోపల ఉంటుంది కాబట్టి చాలామంది చూడరు. ప్రతి పేపరు పక్కన ఎవరికి కనిపించాలో ఎంచుకునే గుర్తు ఉంటుంది. అది ‘ఓన్లీ మీ’ మీద ఉండిపోతే బయటివాళ్లకు మీ పేజీ ఖాళీగా కనిపిస్తుంది.

తర్వాత స్కోపస్. చందా లేకపోయినా స్కోపస్ ప్రివ్యూలో పేరుతో వెతికి ప్రొఫైల్ చూడవచ్చు. మీ పేరు రూపాలన్నిటితో వెతికి, మీవని తేలిన ఐడీలన్నీ రాసుకోండి. ఆథర్ ఫీడ్‌బ్యాక్ విజార్డులో ఆ ఐడీలన్నీ ఎంచుకుని విలీనం అడగాలి. అదే తెరలో మీవి కాని పేపర్లను తీసేయవచ్చు, ఏ పేరు రూపం కనిపించాలో ఎంచుకోవచ్చు. విలీనానికి కొన్ని వారాలు పట్టొచ్చు, దరఖాస్తు గడువుకు ముందురోజు ఈ పని పెట్టుకోకండి. మీవి కాని పేపర్లు తీసేస్తే హెచ్-ఇండెక్స్ తగ్గుతుందని వదిలేసేవాళ్లూ ఉన్నారు. పట్టుబడేది ఆ ఒక్క పేపరు దగ్గరే, పోయేది మొత్తం జాబితా మీద నమ్మకం.

గూగుల్ స్కాలర్‌లో అసలు ప్రమాదం ‘ఆటోమేటిక్‌గా చేర్చు’ అన్న సెట్టింగే. అది పెడితే పేరు కలిసిన ప్రతి పేపరునూ మీ ఖాతాలో వేస్తుంది. దాన్ని మార్చి ‘ముందు మెయిల్ పంపు’ అని పెట్టండి. ఒకే పేపరు రెండు మూడు రూపాల్లో కనిపిస్తే, వాటికి టిక్కు పెట్టి ‘మెర్జ్’ నొక్కితే సైటేషన్లు కలుస్తాయి. సైటేషన్ల సంఖ్య పక్కన నక్షత్రం గుర్తు కనిపిస్తే, అందులో వేరే పేపరు తాలూకు సైటేషన్లు కలిసి ఉండొచ్చని స్కాలర్ చెబుతున్నట్టు. నొక్కి చూసుకోవాలి. సంస్థ మెయిల్‌తో ధ్రువీకరించి, ప్రొఫైల్ ‘పబ్లిక్’ చేస్తేనే వెతికినవాళ్లకు కనిపిస్తుంది.

మన విశ్వవిద్యాలయాలు విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి విద్వాన్ ప్రొఫైల్ కూడా అడుగుతున్నాయి. ఓర్కిడ్ సరిగా ఉంటే దాన్ని నింపడం తేలిక.

ఇక ముందు ముందు చీలికలు రాకుండా చేసే పని ఒకటుంది. ఒక పేరు రూపం ఎంచుకుని దానికే కట్టుబడండి. పేపరు పంపే సైటులో ‘ఫస్ట్ నేమ్’, ‘లాస్ట్ నేమ్’ గడుల్లో ఏది నింపుతారో సాధారణంగా అదే డేటాబేసుకు వెళ్తుంది, పేపరు మీద ఎలా టైపు చేశారన్నది కాదు. ఆ గడులు పీజీ విద్యార్థి చేత నింపిస్తే ఒక్కోసారి ఒక్కో రకంగా పడతాయి.

సైటేషన్లు ఎందుకు తేడాగా కనిపిస్తాయి

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ ఎంపిక చేసిన జర్నళ్లలో వచ్చిన సైటేషన్లనే లెక్కిస్తాయి. స్కోపస్‌లో రిఫరెన్సుల లెక్క 1970 తర్వాతి పేపర్ల నుంచే మొదలవుతుంది. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు, నివేదికలు, సంస్థల సైట్లలోని పీడీఎఫ్‌లు అన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే స్కాలర్ అంకె దాదాపు ఎప్పుడూ పెద్దది. పశువ్యాధుల్లో ఈ తేడాకు ఒక సొంత కారణం కూడా ఉంది. మన దేశంలో క్షేత్రస్థాయి పనులను ఉదహరించేది ఎక్కువగా మన దేశపు జర్నళ్లూ ఎంవీఎస్సీ, పీహెచ్‌డీ థీసిస్‌లూ. వాటిలో చాలాభాగం స్కాలర్‌కు మాత్రమే కనిపిస్తుంది.

ఏది వాడాలి? దరఖాస్తు ఏది అడిగితే అది. ఏదీ చెప్పకపోతే స్కోపస్‌దీ స్కాలర్‌దీ రెండూ పక్కపక్కన తేదీతో ఇవ్వండి. ఒక పేపరుకు స్కోపస్, ఇంకో పేపరుకు స్కాలర్, ఎక్కడ ఎక్కువుంటే అక్కడి అంకె ఏరుకోవడం మాత్రం కుదరదు. మూడింటినీ కూడటం అంతకంటే పెద్ద తప్పు, ఒకే సైటేషన్ మూడుచోట్లా ఉంటుంది.

అచ్చంగా మీకు రావలసిన సైటేషన్లు జారిపోయే సందర్భాలూ ఉంటాయి. ఉదహరించినవాళ్లు సంపుటి సంఖ్యో సంవత్సరమో తప్పు కొట్టి ఉంటారు, డేటాబేసు దాన్ని మీ పేపరుతో జోడించలేక పక్కన పడేస్తుంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో ‘సైటెడ్ రిఫరెన్స్ సెర్చ్’ అని ఒక కిటికీ ఉంది. అందులో రచయిత ఇంటిపేరు, మొదటి ఇనీషియల్ తర్వాత నక్షత్రం గుర్తు పెట్టి, జర్నల్ పేరు మొదటి భాగం ఇచ్చి వెతికితే జతపడని రూపాలన్నీ వరుసగా వస్తాయి. దీని అసలు లాభం వేరే ఉంది: అసలు వెబ్ ఆఫ్ సైన్స్‌లోనే లేని భారతీయ జర్నల్‌లో వచ్చిన మీ పేపరుకు, వెబ్ ఆఫ్ సైన్స్ జర్నళ్ల నుంచి ఎన్ని సైటేషన్లు వచ్చాయో ఇక్కడ కనిపిస్తుంది. మామూలు ప్రొఫైల్‌లో అవి ఎక్కడా కనిపించవు. పాతికేళ్ల కిందటి పనికి ఇది చూడకుండా లెక్క ముగించవద్దు. స్కోపస్‌లో తప్పిపోయిన సైటేషన్‌ను జోడించమని సపోర్టు సెంటర్‌కు రాయవచ్చు. మీ పేపరు డీవోఐ, ఉదహరించిన పేపరు డీవోఐ, అందులో రిఫరెన్సు వరుస సంఖ్య ఇస్తే పని తొందరగా అవుతుంది.

హెచ్-ఇండెక్స్ చేత్తో కట్టి చూడండి

హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన లెక్క ఇది. పేపర్లను సైటేషన్ల ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేర్చాలి. వరుస సంఖ్య కంటే సైటేషన్లు తగ్గకుండా ఉన్న చివరి వరుసే హెచ్. ఒక కల్పిత జాబితా, 15 పేపర్లు:

142, 61, 38, 27, 19, 14, 11, 9, 9, 8, 4, 3, 1, 0, 0.

తొమ్మిదో పేపరుకు 9 సైటేషన్లు ఉన్నాయి, పదోదానికి 8 మాత్రమే. కాబట్టి హెచ్ 9. పదికి తగ్గకుండా సైటేషన్లున్న పేపర్లు 7, అంటే స్కాలర్ చూపే ఐ10 ఇండెక్స్ 7. మొత్తం సైటేషన్లు 346, సగటు 23. నడిమి పేపరు, అంటే ఎనిమిదోది తీసుకుంటే 9 మాత్రమే.

ఇప్పుడు ఆ 142 సైటేషన్ల పేపరు పదిమంది కలిసి రాసిన సమీక్షా వ్యాసం అనుకోండి. దాన్ని తీసేస్తే మొత్తం 204కు పడిపోతుంది, సగటు 14.6 అవుతుంది. హెచ్ మాత్రం 9 నుంచి 8కి, ఒక్క మెట్టే దిగుతుంది. నడిమి అంకె 9 దగ్గరే ఉంటుంది. సమీక్షలకు సైటేషన్లు ఎక్కువ రావడం అన్ని రంగాల్లోనూ ఉన్నదే. అందుకే మొత్తం సైటేషన్ల అంకె ఒక్కటే చూసి ఇద్దరిని పోల్చకూడదు.

స్వీయ సైటేషన్లు తీసేసినప్పుడు సీను తిరగబడుతుంది. పై జాబితాలో మొదటి పది పేపర్లలో వరుసగా 4, 4, 3, 3, 3, 2, 2, 2, 3, 2 స్వీయ సైటేషన్లు ఉన్నాయనుకుందాం. మొత్తం 28, అంటే 8 శాతం. తీసేశాక మిగిలేవి 138, 57, 35, 24, 16, 12, 9, 7, 6, 6 … మొత్తం 318, పెద్ద తేడా లేదు. హెచ్ మాత్రం 9 నుంచి 7కు దిగింది. స్వీయ సైటేషన్ల ప్రభావమంతా హెచ్ గీత అంచున ఉన్న పేపర్ల మీదే పడుతుంది. ఆ అంచున ఉన్న పేపర్లనే ఏరి ఏరి ఉదహరించుకుంటే ఇండెక్స్ పెరుగుతుంది. కమిటీల్లో అనుభవం ఉన్నవాళ్లు ముందు అక్కడే చూస్తారు.

స్వీయ సైటేషన్ అంటే ఎవరిది అన్నది కూడా రాయాలి. స్కోపస్ ‘సైటేషన్ ఓవర్‌వ్యూ’లో ఆ ఒక్క రచయిత సైటేషన్లు తీసేసే టిక్కు, సహరచయితలందరివీ తీసేసే టిక్కు విడిగా ఉంటాయి. రెండోది పెడితే అంకె ఇంకా తగ్గుతుంది. సొంత పనిని ఉదహరించడం నేరమేమీ కాదు. ఒక జిల్లాలో పీపీఆర్ వైరస్‌ను వేరుచేసినవాడు, తర్వాతి పేపరులో దాని జన్యుక్రమం రాసేటప్పుడు మొదటిదాన్ని ఉదహరించక తప్పదు. చిన్న రంగంలో ఈ శాతం కొంత ఎక్కువే ఉంటుంది.

ఎవరితో పోల్చాలి

క్యాన్సర్ మీద పనిచేసేవాడి హెచ్‌తో గొర్రెల చిటుక రోగం మీద పనిచేసేవాడి హెచ్‌ను పోల్చడంలో అర్థం లేదు. మొదటి రంగంలో ఉదహరించేవాళ్లు వేలల్లో ఉంటే, రెండోదాంట్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పశువ్యాధుల్లోనే వ్యాధికీ వ్యాధికీ తేడా ఉంది. ముద్ద చర్మ వ్యాధి మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడి, 2022లో పశువులను పెద్దఎత్తున పట్టి పీడించింది. దాంతో అంతకుముందు పెద్దగా పట్టించుకోని, దానికి దగ్గరి చుట్టాలైన మేకపాక్స్, గొర్రెపాక్స్ వైరస్‌ల పేపర్లకు గిరాకీ వచ్చింది. 2020 తర్వాత జంతువుల కరోనావైరస్‌ల పాత పేపర్లదీ అదే కథ. సైటేషన్లను సంవత్సరాల వారీగా గీసి చూస్తే ఇలాంటి ఎగుడుదిగుళ్లు కనిపిస్తాయి. ఆ పెరుగుదల ఏ వ్యాధి వ్యాప్తితో వచ్చిందో పక్కన ఒక వాక్యం రాస్తే చదివేవాడికి సాయం.

పోలికకు పనికొచ్చేది అదే రంగంలో, అదే ఏడాది, అదే రకం పేపర్ల మధ్య స్థానం. ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకుండా ఇలా చేయవచ్చు: స్కోపస్‌లో ఆ జర్నల్, ఆ సంవత్సరం, ‘ఆర్టికల్’ రకం అని వడకట్టి, సైటేషన్ల ప్రకారం పేర్చండి. 210 పేపర్లలో మీది 18వది అయితే, పై 9 శాతంలో ఉన్నట్టు. మీ ముఖ్యమైన అయిదారు పేపర్లకు ఈ లెక్క కట్టి ఇస్తే హెచ్-ఇండెక్స్ కంటే ఎక్కువ చెబుతుంది. పబ్‌మెడ్‌లో ఉన్న పేపర్లకైతే అమెరికా ఎన్‌ఐహెచ్ (జాతీయ ఆరోగ్య పరిశోధన సంస్థ) వారి ఐసైట్ అనే ఉచిత పరికరం ఉంది. పబ్‌మెడ్ నంబర్లన్నీ ఒకేసారి అతికిస్తే ప్రతి పేపరుకూ రంగాన్ని బట్టి సర్దిన నిష్పత్తి ఇస్తుంది. అందులో 1 అంటే ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్ల నడిమి స్థాయి. పశువైద్యానికి అది కాస్త కఠినమైన కొలబద్దే. పబ్‌మెడ్‌లో లేని మన జర్నళ్ల పేపర్లకు అసలు అంకే రాదు, దాన్ని సున్నాగా చదవకూడదు.

ఏటా పత్రికల్లో ‘ప్రపంచ అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో మనవాళ్లు’ అని వార్త వస్తుంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో చేసే జాబితా అది. ఫైలు దించుకుని చూస్తే అందులో మొత్తం కెరీర్‌కు ఒక పట్టిక, ఒక్క ఏడాదికి ఇంకో పట్టిక ఉంటాయి. రెండింటికీ అర్థం వేరు కాబట్టి ఏ పట్టికో రాయకుండా ‘2 శాతం’ అనడం సగం మాటే. ర్యాంకు ఆరు అంకెల కలయిక: మొత్తం సైటేషన్లు, హెచ్, సహరచయితల సంఖ్యకు సర్దిన హెచ్, ఒంటరిగా రాసినవాటి సైటేషన్లు, వాటికి మొదటి రచయితగా రాసినవి కలిపితే వచ్చేవి, వాటికి చివరి రచయితగా రాసినవి కూడా కలిపితే వచ్చేవి. అంటే పెద్ద గుంపులో మధ్యలో పేరున్నవాళ్లకు ఇక్కడ మార్కులు తక్కువ. స్వీయ సైటేషన్లు కలిపిన ర్యాంకు, తీసేసిన ర్యాంకు రెండూ ఉంటాయి. ఉపరంగం వెటర్నరీ సైన్సెసా, వైరాలజీయా, డెయిరీ అండ్ యానిమల్ సైన్సా అన్నది కూడా చూడాలి. ఒక్కో ఉపరంగానికి ఒక్కో గీత.

జర్నల్ అంకె, పేపరు అంకె

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌కు చెందుతుంది, మనిషికి కాదు. 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, 2022, 2023లో ఆ జర్నల్‌లో వచ్చిన పేపర్లకు 2024లో వచ్చిన సైటేషన్లను ఆ రెండేళ్ల పేపర్ల సంఖ్యతో భాగించగా వచ్చేది. అది బయటికి వచ్చేది 2025 జూన్‌లో. ఇచ్చేది వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ ఒక్కటే. ముందు రకరకాల విశేషణాలు తగిలించుకున్న ఇతర ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు’ చాలానే తిరుగుతున్నాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ. 2023 జూన్ విడుదల నుంచి క్లారివేట్ ఒక్క దశాంశ స్థానమే ఇస్తోంది. అప్పటి నుంచి వచ్చిన అంకెను ఎవరైనా మూడు దశాంశాలతో చూపిస్తే అది ఎక్కడిదని అడగండి.

వ్యవసాయ, పశువైద్య ఉద్యోగాల స్కోర్‌కార్డుల్లో నడిచేది నాస్ స్కోరు. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఏటా విడుదల చేసే జాబితా ఇది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న జర్నల్‌కు 6 కలిపి, గరిష్ఠంగా 20 దాకా ఇస్తారు. పేపరు అచ్చయిన ఏడాది స్కోరా, తాజా స్కోరా అన్నది ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి. చాలా దరఖాస్తులు ఇక్కడే తప్పుతాయి. యూజీసీ కేర్ అనే ఆమోదిత జర్నళ్ల జాబితాను 2025లో ఎత్తేశారు కాబట్టి కొత్త దరఖాస్తుల్లో దాన్ని అర్హతగా చూపేముందు నిబంధన మళ్లీ చదవండి.

సైటేషన్లకు అందని పని

పశువ్యాధుల పరిశోధనలో పెద్ద భాగం టీకాల్లో, నిర్ధారణ కిట్లలో, నియంత్రణ కార్యక్రమాల్లో కలిసిపోతుంది. వాల్టర్ ప్లౌరైట్ కెన్యాలోని ముగుగాలో కణవర్ధనంలో బలహీనపరిచిన రిండర్‌పెస్ట్ (పశువుల ప్లేగు) టీకా పేపరు 1962లో ‘రీసెర్చ్ ఇన్ వెటర్నరీ సైన్స్’లో వచ్చింది. 2011లో ఆ వ్యాధి ప్రపంచం నుంచి పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో వ్యాధి అది. టీకా వేసిన పశువైద్యుల్లో చాలామంది పేపర్లు రాయలేదు, వ్యాధి పోయాక దాని మీద కొత్త పేపర్లు రాసేవాళ్లూ తగ్గిపోయారు. ఒక పద్ధతి అందరి వాడుకలోకి వచ్చేశాక దాని మూల పేపరును ఉదహరించడమే మానేస్తారు కూడా.

ఇలాంటి పనికి ఆధారాలు విడిగా కూడబెట్టాలి. జన్యుక్రమాల బహిరంగ డేటాబేసు జెన్‌బ్యాంకులో పెట్టిన జన్యుక్రమాల యాక్సెషన్ (నమోదు) నంబర్లను స్కాలర్‌లోనూ యూరప్ పీఎంసీ పూర్తిపాఠంలోనూ వెతకండి. మీ ఐసొలేట్‌ను (మీరు వేరుచేసిన వైరస్ లేదా బ్యాక్టీరియాను) పోలికకు వాడుకుని నంబరు మాత్రమే పట్టికలో వేసి, పేపరును ఉదహరించని సందర్భాలు బోలెడు బయటపడతాయి. వాటిని సైటేషన్లలో కలపకుండా ‘జన్యుక్రమం వాడుక’ అని వేరే వరుసలో చూపండి. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ మాన్యువల్ అధ్యాయాల చివరి రిఫరెన్సుల్లో మీ పద్ధతి ఉందేమో చూడండి. నిర్ధారణ పరీక్షల మీద పనిచేసేవాళ్లకు అంతకు మించిన గుర్తింపు తక్కువ, కానీ మామూలు సైటేషన్ల లెక్కలో అది సాధారణంగా చేరదు. ఎఫ్‌ఏవో నివేదికలు, రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మార్గదర్శకాల్లో ప్రస్తావన ఉంటే పేజీ సంఖ్యతో రాయండి. పేటెంటు ఉంటే లెన్స్ డాట్ ఆర్గ్‌లో వెతకండి, మీ పేపర్లను ఏ పేటెంట్లు ఉదహరించాయో కూడా అక్కడ ఉచితంగా దొరుకుతుంది. టీకా, కిట్ లైసెన్సుకు ఇచ్చి ఉంటే ఒప్పందం తేదీ, తయారైన డోసులు, పరీక్షించిన నమూనాల సంఖ్య రాతపూర్వకంగా తెప్పించుకోండి. నోటిమాట అంకెలు పనికిరావు.

చివరికి రాయవలసింది

పై కల్పిత జాబితాకు వివరణ ఇలా ఉంటే చాలు: ‘స్కోపస్ ప్రకారం, 2025 జూన్ 30 నాటికి: 15 పేపర్లు (పరిశోధన పేపర్లు 12, సమీక్షలు 2, కేసు రిపోర్టు 1). మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితగా 6. మొత్తం సైటేషన్లు 346, వీటిలో 142 పదిమంది రచయితల సమీక్ష ఒక్కదానివే. సొంత సైటేషన్లు తీసేస్తే 318. హెచ్-ఇండెక్స్ 9, సొంత సైటేషన్లు లేకుండా 7. రిట్రాక్షన్లు లేవు.’ దీని కింద ముఖ్యమైన అయిదు పేపర్లు ఎంచుకుని, ఒక్కోదానికి రెండు వాక్యాలు: అందులో మీ పాత్ర ఏమిటి, ఎవరు ఎక్కడ వాడుకున్నారు. జత చేయవలసినవి ఎక్సెల్ షీటు, ఆరోజు స్కోపస్ పేజీ పీడీఎఫ్.

పీడీఎఫ్ మీద తేదీ పడేలా బ్రౌజర్ ప్రింటు సెట్టింగులో ‘హెడర్, ఫుటర్’ టిక్కు పెట్టుకోండి. కమిటీ కూర్చునేసరికి అంకెలు మారిపోయి ఉంటాయి, అప్పుడు మీ చేతిలో ఉండే ఆధారం ఆ తేదీ ఒక్కటే.